పీతల్ని విప్పి, అత్తని కట్టి

అప్పలకొండమ్మ చేతిలో పడ్డ పీత తిరిగి కరిచిన దాఖలా అండమాన్ దీవుల్లోని సిప్పీఘాట్‌లో లేదు. కరవాలంటే ముందు డెక్క కదలాలి కదా. ఆ ఆలోచన పీతకి వచ్చేలోపే ఆవిడ ఎడమ పాదం దాని వీపు మీద ఉండేది, తాడు నోట్లో ఉండేది, రెండు చేతులూ డెక్కల దగ్గర ఉండేవి. ముందు నించి ఒక చుట్టు, అడ్డంగా ఇంకో చుట్టు, వెనక్కి తిప్పి ఒక జారుముడి, అంతే. పక్కవాడు తడిసిన అగ్గిపుల్లతో బీడీ ముట్టించుకునే లోపు నాలుగు పీతలు బుట్టలో పడేవి.

ఆ జారుముడిలో ఉంది అసలు పనితనం. డెక్కకి అందనిచోట ఒక కొస బయటికి వదిలేది. ఆ కొస ఎక్కడుందో తెలిసినవాడు ఒక్కసారి లాగితే కట్టంతా ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. తెలియనివాడు పళ్ళు ఊడేలా కొరికినా వదలదు. మడ పీతల్ని విమానంలో మెయిన్‌లాండ్‌కి పంపే పోలిరాజు, "మన దీదీ ముడికి మద్రాసులో పేరుంది భయ్యా" అని అందరితో అనేవాడు. మద్రాసులో ఎవడికి తెలుసో ఏమో గానీ, ఆ మాట విన్నరోజు అప్పలకొండమ్మ ఇంకో పది పీతలు ఎక్కువ కట్టేది. పోలిరాజుకి కావలసిందీ అదే.

ఈ విద్య నేర్పింది అత్త వీరలక్ష్మి. భీమిలి అవతలి చేపల ఊరి నించి పడుచుతనంలో ఓడెక్కి వచ్చిన మనిషి. అండమాన్ వచ్చి నలభై ఏళ్ళయినా నోట్లోంచి ఆ ఊరి ఉప్పు పోలేదు. ఆవిడకి ఒక్కడే కొడుకు, తాతబ్బాయి. పెళ్ళయిన నాలుగో ఏడు మాయాబందర్ పోయే బోటులో పనుందని వెళ్ళి, అక్కడే ఇంకొకావిడ కొంగు పట్టుకుని ఉండిపోయాడు. మొగుడు పోయాడు, అత్త మిగిలింది. ఏ ఆడదానికైనా ఇంతకంటే అన్యాయమైన పంపకం జరిగిందేమో మీరే చెప్పండి.

వదిలేసి పోదామంటే ఇల్లు ముసలిదానిది. వెళ్ళగొడదామంటే పీతలు కట్టేది కోడలు. అలా పదకొండేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఒకర్నొకరు దుమ్మెత్తి పోసుకుంటూ, ఒకే కుండలో అన్నం తింటూ గడిపేశారు. ఇంట్లో మాటల్లేని రోజంటే ఇద్దరిలో ఎవరికో జ్వరం వచ్చిందని పొరుగువాళ్ళు అనుకునేవారు.

అప్పుడు సునామీ వచ్చింది.

ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. పెంకులు రాలాయి, కోళ్ళు అరిచాయి. వీరలక్ష్మి దేవుణ్ణీ గవర్నమెంటునీ కోడల్నీ వరసగా తిట్టింది. ఊగడం ఆగాక ఇంటి వెనక ఉప్పునీటి పాయ, ఖాడీ వైపు చూస్తే, మడ అడవి వేళ్ళు మొత్తం బయటపడి ఉన్నాయి, నీళ్ళు లేవు. ఖాడీలో అంత ఖాళీ పుట్టి బుద్ధెరిగాక అప్పలకొండమ్మ చూడలేదు. కాసేపటికి ఆ నీళ్ళన్నీ చుట్టాలని వెంటేసుకుని తిరిగొచ్చాయి. మొదటి విడత మోకాలి లోతు, మళ్ళీ వెనక్కి పోయింది. ఇంకోటి వస్తుందని రోడ్డు మీద జనం అరుస్తూ గుట్ట వైపు పరిగెత్తుతున్నారు.

వీరలక్ష్మికి ఒక మోకాలు వంగదు. గుట్ట దాకా నడిపించే టైము లేదు. పెరట్లో పనసచెట్టు ఉంది. అటక మీదికి గుమ్మడికాయని ఎక్కించినట్టు అత్తని తోసి తోసి మొదటి పంగ దాకా ఎక్కించింది. ఎక్కుతున్నంతసేపూ ముసలిది "నా ట్రంకుపెట్టె! ఒలే, నా ట్రంకుపెట్టె!" అని ఒకటే గోల. ఎక్కాక కూర్చోడమూ చేతకాలేదు, అటూ ఇటూ ఒరిగిపోతోంది. కట్టకపోతే నీళ్ళు రాకుండానే పడి చచ్చేలా ఉంది.

కడదామంటే తాడేదీ? ఆ రోజు పంపాల్సిన సరుకంతా రాత్రే కట్టేసింది. ఉన్న నీలం ప్లాస్టిక్ తాడంతా పీతల ఒంటి మీదే ఉంది. అప్పలకొండమ్మ బుట్ట బోర్లించి, కొస పట్టి లాగడం, ముక్కని ముక్కకి ముడెయ్యడం, అలా ముప్ఫై రెండు పీతల్ని విప్పింది. అవి సెలవు దొరికిన గుమాస్తాల్లా ఎవరి దారిన అవి నడిచిపోయాయి. ఆ తాడుతో అత్తని చెట్టుకి నడుం దగ్గరా, చంకల కిందా చుట్టి, అలవాటు కొద్దీ అదే జారుముడి వేసింది.

తను ఎక్కుదామని కాలు పెట్టేలోపు రెండో నీళ్ళు వచ్చేశాయి. అవి ఆవిణ్ణి ఎత్తుకుపోయి పోకచెట్ల తోటలో పడేశాయి. అక్కణ్ణించి ఎవరో లాగి గుట్ట మీది బడికి చేర్చారు. దారి మొత్తం మునిగి ఉంది. వెళ్తానంటే నలుగురు పట్టుకుని ఆపారు, ఇద్దర్ని కరిచింది. దారిలో నీళ్ళు కాస్త తగ్గాక, సాయంత్రం నాలుగింటికి, నడుం లోతులో ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చింది.

ఇల్లు సగమే ఉంది. పనసచెట్టు ఉంది. చెట్టు మీద అత్త ఉంది. ఒళ్ళంతా ఎర్రచీమలు కుట్టి దద్దుర్లు, పెదాలు ఎండిపోయి బీటలు. కోడల్ని చూడగానే ముసలిది నోరు తెరిచి అన్న మొదటి మాట ఇది.

"పీతల్ని ఇప్పీసి నన్ను కట్టీసినావంటే!"

సిప్పీఘాట్‌లో నేల కుంగిపోయింది. రోజుకి రెండు పూటలా పోటు నీళ్ళు ఇంట్లోకి వచ్చి, చుట్టపు చూపుగా నాలుగు మూలలూ చూసి వెళ్ళేవి. పొలాలు పోయాయి, పోకతోటలు నిలువునా ఎండిపోయాయి. జనాన్ని తెచ్చి టిన్ను రేకుల షెల్టర్లలో పెట్టారు. అత్తాకోడళ్ళకి ఒక గది. గోడలు రేకు, కప్పు రేకు. ఎండలో పెనం, వానలో డప్పు. వాన పడుతుంటే అత్త తిట్లు వినపడవు, ఆ రేకులకి ఉన్న సుగుణం అదొక్కటే.

అక్కడ వీరలక్ష్మికి కొత్త శ్రోతలు దొరికారు. కుళాయి దగ్గర, రేషను లైన్లో, డాక్టరు క్యాంపులో ఆవిడ చెప్పే కథ ఒకటే. "ముప్పై రెండు పీతల్ని పానాలతో వదిలీసింది. నన్నేమో సెట్టుకి కట్టీసి తన దారి తాను సూసుకుంది. పీతపాటి సెయ్యనా నాను?" పక్కగది చాందినికి తెలుగు సగమే వచ్చు. ఆ సగంతోనే విని, గదుల వరసకంతా హిందీలో చెప్పేసింది: "కేకడా ఛోడ్ దియా, సాస్ కో బాంధ్ దియా!" అప్పలకొండమ్మ కనపడితే చాలు, పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని కట్టేసినట్టు గెంతేవారు.

తాడు కోసమే పీతల్ని విప్పానని అప్పలకొండమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఎవరిక్కావాలి? ముసలిది చెప్పేదాంట్లో మజా ఉంది, ఈవిడ చెప్పేదాంట్లో నిజం తప్ప ఇంకేం లేదు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానేసింది. కానీ లోపల రగిలిపోయేది. ప్రాణాలు కాపాడినదానికి ఇదా బహుమానం?

పైగా పని లేదు. సముద్రంలో అన్నేసి శవాలు కలిశాక చేపన్నా పీతన్నా జనానికి కడుపులో దేవింది. నెలల తరబడి పోర్ట్‌బ్లెయిర్‌లో ఎవరూ వాటి మొహం చూడలేదు, అందరూ కోడి వెంట పడ్డారు. పోలిరాజు బుట్టలు బోర్లించి వాటి మీద కూర్చుని ఈగలు తోలుకునేవాడు. వానలు మొదలైన నెలలో ఒకరోజు అతనే షెల్టరుకి వచ్చి కబురు చెప్పాడు.

"దీదీ, డాలీగంజ్‌లో వీరన్న కాంట్రాక్టర్ గెస్ట్‌హౌస్ ఉంది కదా, అక్కడ కిచెన్‌లో మనిషి కావాలంట. కోళ్ళు కట్టడం రావాలంట."

"కోళ్ళు కట్టడమేటి?"

"ఏమో మరి. తాడుతో కట్టడం. కట్టడమంటే మన దీదీయే అని చెప్పేశాను. పని కుదిరితే ఉండడానికి గది కూడా ఇస్తారు. పైన స్లాబు. కానీ గది ఒక్క మనిషికే."

అప్పలకొండమ్మకి ఒకేసారి రెండు సంతోషాలు కలిగాయి. స్లాబు విని ఒకటి, ఒక్క మనిషికే అన్నది విని ఇంకోటి. రెండోదే పెద్దదని ఒప్పుకోడానికి ఆవిడేం సిగ్గుపడలేదు. ముసలిదానికి చాందిని ఉంది, రేషను ఉంది, వినేవాళ్ళున్నారు. తను ఆదివారం వచ్చి చూసిపోతే చాలు. పైన రేకు కాకుండా, పక్కన అత్త కాకుండా ఒక్కరోజు కళ్ళు తెరవాలి. ఆవిడకి ఇంక జీవితంలో కావలసింది అంతే.

గెస్ట్‌హౌస్ వ్యవహారమంతా చూసేది వీరన్న భార్య రమాదేవి. ఆవిడ విషయం సూటిగా చెప్పింది. ఢిల్లీ నించి వచ్చే ఇంజనీర్లు కోడిని ముక్కలు చెయ్యకుండా, మొత్తంగా, ఓవెన్‌లో కాల్చి పెట్టమంటారు. పోయినసారి పెడితే రెక్కల కొసలు బొగ్గయ్యాయి, తొడ కోస్తే నెత్తురు కారింది. కోడి కాళ్ళూ రెక్కలూ బార్లా చాపుకుని పడుకుంటే అంతే అవుతుందని, దగ్గరికి కట్టి ఒక ముద్దలా చేస్తే అన్ని వైపులా సమంగా ఉడుకుతుందని వాళ్ళ పెద్ద సాబ్ చెప్పి వెళ్ళాడట.

"మా వంటమాస్టారుకి ఆ కట్టడం రావట్లేదు" అంది రమాదేవి.

"రాక కాదు మేడమ్, టైము లేక" అన్నాడు పక్కనున్న గణేశ్వరరావు. ఓడలో చీఫ్ కుక్‌గా చేశానని చెప్పుకుంటాడు. హోప్ టౌన్ వైపు పోయే ఫెర్రీలో టీ అమ్మేవాడని పోలిరాజు చెప్తాడు. రెండూ నీటి మీద చేసిన ఉద్యోగాలే కాబట్టి ఎవరూ తరచి అడగలేదు. ఈ కొత్త పనిలోకి బావమరిది జోగుల్ని దించాలని గణేశ్వరరావు ఆశ. అందుకే అప్పలకొండమ్మ గుమ్మంలోకి రాగానే ఆయన మొహం చేదుమాత్ర మింగినట్టయింది.

శుక్రవారం పరీక్ష పెట్టారు. ఈకలు పీకి, శుభ్రం చేసిన కోడిని ఇచ్చి కట్టమన్నారు. అప్పలకొండమ్మ చీర చెంగు దోపింది, కోడిని గచ్చు మీద బోర్లా పడుకోబెట్టింది, నీలం ప్లాస్టిక్ తాడు పళ్ళ మధ్య పెట్టుకుంది, ఎడమ పాదం ఎత్తి కోడి వీపు మీద వేసి తొక్కింది.

"అరెరెరే! కాలు! కాలు తియ్యి!" గణేశ్వరరావు గెంతినంత పని చేశాడు.

"తీస్తే కరవదూ?" అంది అప్పలకొండమ్మ, తాడు నోట్లోంచి తియ్యకుండానే.

చచ్చి, తల తెగి, లోపలి సామాను కూడా లేని కోడి ఎక్కడ కరుస్తుందో ఆవిడా ఆలోచించలేదు. పదిహేనేళ్ళ అలవాటు పాదంలో ఉంటుంది, బుర్రలో కాదు. కాళ్ళు రెండూ డెక్కల్లా వెనక్కి విరిచి, వీపు మీద ముడి వేసి ఇచ్చింది. పోలీసులు పట్టుకున్న దొంగలా ఉంది కోడి. గణేశ్వరరావు దాన్ని అయిదుసార్లు కడిగి, ఏమీ అనకుండా ఓవెన్‌లో పెట్టాడు. ఆ ఏమీ అనకపోవడంలోనే ఆయన దురుద్దేశం ఉంది.

పావుగంటకి వంటిల్లంతా కాలుతున్న చెప్పుల వాసన. ప్లాస్టిక్ తాడు కరిగి కోడి చర్మం మీద నీలం గీతలుగా కారింది. ఇంకాసేపటికి తెగింది. తెగడంతో కోడి కాళ్ళు రెండూ ఒక్కసారి టప్పున చాపుకుని ఓవెన్ తలుపుని తన్నాయి. రమాదేవి పరిగెత్తుకొచ్చింది.

"కోడి బతికుందేమో మేడమ్, చూడండి" అన్నాడు గణేశ్వరరావు వినయంగా.

రమాదేవి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, చివరికి ఒక మాట అంది. "ఎల్లుండి ఆదివారం పెద్ద సాబ్ వస్తున్నారు. ఆరు కోళ్ళు. సరిగ్గా కట్టావా, గది నీది. లేదా సోమవారం నించి జోగులు వస్తాడు. దయచేసి కాలు మాత్రం వాడకు."

మధ్యాహ్నానికి అప్పలకొండమ్మ షెల్టరుకి వచ్చి రేకుగోడకి చేరగిలబడింది. వీరలక్ష్మి మొహం చూసి మొత్తం రాబట్టింది. గది సంగతి ఒక్కటి తప్ప కోడలు అంతా చెప్పింది. కోడి తలుపు తన్నిన దగ్గర ముసలిది నవ్వడం మొదలెట్టి, దగ్గొచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది.

"నవ్వు. బాగా నవ్వు. ఇదీ కుళాయి దగ్గర చెప్పు."

"సెప్పకుండా ఉంటానేటి?" కళ్ళు తుడుచుకుంది వీరలక్ష్మి. "ఒలే గుంటా, పేస్టిక్కు తాడు నిన్నగాక మొన్నొచ్చింది. నీకు ముందు నాను పీతల్ని దేంతో కట్టినాను?"

"అరటినారతో."

"ఆ కట్టుతోనే నిప్పుల మీద ఎయ్యలేదా మనం? నార ఊడిందా? తడిపీసి కట్టాలి, బాగా నానాలి. పో, రేకుల ఎనకాల అరటిబోదె పడుంది, నార తీసుకురా."

నార వచ్చింది, బకెట్లో నానింది. కట్టి చూద్దామంటే కోడి లేదు. అప్పలకొండమ్మ ఇటూ అటూ చూసింది. దిండు మెత్తగా ఉంది, బిందెకి కాళ్ళు లేవు.

"నన్ను కట్టు" అంది వీరలక్ష్మి.

"ఏటీ?"

"ఎలాగా ఓసారి కట్టీసినావు కదా, కొత్తేటుంది." ముసలిది చాప మీద వెల్లకిలా పడుకుంది. మంచి మోకాలు పొట్ట మీదికి ముడుచుకుంది, చెడ్డ మోకాలు వచ్చినంత మేరకి వచ్చింది. "సూడు. కోడిని బోర్లా ఎయ్యకు, ఇలా ఎల్లకిలా. రెక్కలకి తాడక్కర్లేదు." చేతులు రెండూ తల కింద పెట్టుకుని, తీరిగ్గా పడుకున్నట్టు చూపించింది. "రెక్క కొస ఇలా ఈపు కిందకి మడిసీ. దాని బరువుకి అదే ఉంటాది. తాడు పని కాళ్ళతో. కిందనించి తే. రెండు కాళ్ళూ కలిపి చుట్టు. ఇప్పుడు అడ్డం తిప్పి లాగు. ఒలమ్మో, అంత గట్టిగా కాదే, నానింకా బతికే ఉన్నాను! ఆఁ. ఇంక రెండు కొసలూ తొడకీ పొట్టకీ మధ్యనించి అటోటీ ఇటోటీ తీసుకెళ్ళి మెడ దగ్గర ముడెయ్యి."

అప్పలకొండమ్మ చెప్పినట్టే చేసి, మెడ దగ్గర జారుముడి వేసింది. తొడలు పొట్టకి అతుక్కున్నాయి. ఎక్కడా ఏదీ వేలాడకుండా మనిషంతా చక్కటి ముద్దలా తయారయింది. ఇంతకాలం డెక్కలు విరవడమే కట్టడమనుకుంది. ఇది విరవడం కాదు, దగ్గరికి తీసుకోడం. పాదంతో పనే లేదు.

సరిగ్గా అప్పుడే ఉప్పు కోసం చాందిని తలుపు తోసుకుని వచ్చింది. చాప మీద కాళ్ళు కట్టేసి ఉన్న ముసలావిణ్ణీ, పక్కన తడి నారతో కోడల్నీ చూసి గిన్నె వదిలేసింది.

"హాయ్ రామ్! ఫిర్ సే బాంధ్ దియా?"

"జా, జా, నానే కట్టమన్నాను" అంది వీరలక్ష్మి విసుగ్గా. చాందిని వరసకంతా చెప్పడానికి పరిగెత్తింది. ఆవిడ వెళ్ళగానే ముసలిది తల కింద నించి కుడిచెయ్యి తీసింది, చూడనైనా చూడకుండా మెడ పక్కన తడిమింది, కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. కట్టంతా ఊడి వచ్చేసింది. లేచి కూర్చుని పైట సర్దుకుంది.

అప్పలకొండమ్మ చేతిలో నార అలాగే ఉండిపోయింది.

"అత్తా. ఆరోజు చెట్టు మీద వేసింది కూడా ఈ ముడే."

"అయితే?"

"కొస నీ కుడిచేతి దగ్గరే వదిలాను. నీకందుతాది."

"అందుతాది."

"చెట్టు కింద నీళ్ళు మధ్యాహ్నానికే నడుం లోతుకి దిగాయి. నాలుగింటిదాకా చీమల చేత కుట్టించుకున్నావు. విప్పుకోలేదేం?"

వీరలక్ష్మి నార చుట్ట చుట్టడం మొదలెట్టింది. "పోయి కోడి సంగతి సూసుకో. అడగొచ్చింది పెద్ద."

ఎన్ని రకాలుగా అడిగినా అంతకుమించి రాలేదు. రోజంతా ఆగకుండా తిరిగే నోరు ఆ ఒక్క మాట దగ్గర పీత డెక్కలా బిగుసుకుపోయింది.

ఆదివారం అప్పలకొండమ్మ నానిన నార బకెట్టుతో వంటింట్లోకి వెళ్ళింది. ఆరు కోళ్ళనీ బల్ల మీద వెల్లకిలా పెట్టింది. రెక్కలు వీపు కిందికి, నార కాళ్ళ చుట్టూ, అడ్డం తిప్పి బిగించి, పక్కల నించి మెడ దాకా, జారుముడి. ఆరూ అయ్యేసరికి గణేశ్వరరావు ఇంకా మసాలా డబ్బా మూత తీస్తూనే ఉన్నాడు. కోళ్ళు ఓవెన్‌లోకి వెళ్ళాయి. ఆవిడ ఓవెన్ తలుపు అద్దం ముందు గొంతుక్కూర్చుంది. నార కాలితే గది పోయినట్టే. నార ముదురు రంగు తేలింది, అంచులు కాస్త మాడాయి. తెగలేదు. ఒక్క కాలు కూడా తలుపు తన్నలేదు.

బల్ల దగ్గర పెద్ద సాబ్ కత్తి తీశాడు. "ఆగండి సాబ్" అని అప్పలకొండమ్మ అడ్డొచ్చి కొస పట్టి లాగింది. ఒక్క లాగుడికి నారంతా పాములా జారి వచ్చేసింది. కోడి మాత్రం కట్టినప్పటి ఒద్దికతో అలాగే కూర్చుంది. సాబ్ తొడ కోసి చూశాడు. నెత్తురు లేదు. "వాహ్" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడకుండా తిన్నాడు.

రమాదేవి తాళంచెవి ఇచ్చింది. "రేపే వచ్చెయ్."

గది చూసింది. తెల్లసున్నం, కిటికీ, పైన స్లాబు. స్లాబు కింద నిలబడి కాసేపు పైకే చూసింది. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి, ఎంత సంతోషమేసిందో చెప్పలేం. కానీ తాళం వేసి బస్సెక్కాక ఒకటే ప్రశ్న తొలవడం మొదలెట్టింది. కొస చేతిలో పెట్టుకుని ముసలిది ఎందుకు కూర్చుంది?

షెల్టరుకి రాగానే వీరలక్ష్మి తాళంచెవి చూసేసింది.

"గదా?"

"ఊఁ."

"ఎందరికి?"

అప్పలకొండమ్మ నేలచూపులు చూసింది. "ఒక్కరికే."

ముసలిది తాళంచెవి మీంచి చూపు తిప్పి, చాప దులిపింది. "మంచిది. నా కంచం మాత్రం కడిగెట్టి పో. ఆ సాందినికి తోమడం రాదు."

తిట్టి ఉంటే బాగుండేది. రేకులెగిరిపోయేలా తిట్టి, శాపాలు పెట్టి ఉంటే హాయిగా వెళ్ళిపోయేది. కంచం కడిగి పెట్టి పొమ్మంటే ఏం చెయ్యాలి?

"ఆ రోజు ఎందుకు విప్పుకోలేదో చెప్పు, పోతాను."

"సెప్పను."

"చెప్పందే నేను కదలను."

"కదలకు. ఎవులాపీరు?"

అప్పలకొండమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. అత్త చీరలు రెండూ, తన చీరలు మూడూ, కంచాలూ ఒకే దుప్పట్లో వేసి మూట బిగించింది. "అయితే నువ్వూ నడు. జవాబు చెప్పేదాకా నిన్ను వదిలేది లేదు. చెప్పిన మర్నాడే తెచ్చి ఈ రేకుల్లో పడేస్తాను."

"పడేద్దువులే" అంది వీరలక్ష్మి, అప్పటికే చేతికర్ర వెతుక్కుంటూ.

సోమవారం పొద్దున్న ఇద్దర్నీ గుమ్మంలో చూసి రమాదేవి కనుబొమలు ముడిచింది. "ఒక్కరికే అని చెప్పానుగా?" వెనకాల గణేశ్వరరావు మొహం వెలిగిపోయింది. "జోగుల్ని పిలవమంటారా మేడమ్?"

అప్పలకొండమ్మ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. స్లాబు కళ్ళముందు మెదిలింది.

"ఈవిడ మా అత్త మేడమ్. నాకు ముడి నేర్పింది ఈవిడే, నార సంగతి చెప్పింది ఈవిడే. ఉంటే ఇద్దరం ఉంటాం. కుదరదంటే జోగుల్నే పిలుచుకోండి."

రమాదేవి తాళంచెవి వంక చూసింది, జోగుల్ని తలుచుకుంది, వచ్చే ఆదివారం సాబ్ ఎనిమిది కోళ్ళు చెప్పిన సంగతి గుర్తు తెచ్చుకుంది. "సరే. కానీ ముసలావిడ కిచెన్‌లో అడుగు పెట్టకూడదు."

వీరలక్ష్మి అడుగు పెట్టలేదు. సరిగ్గా గడప బయట మెట్టు మీద కూర్చుంది, మొహం లోపలికి పెట్టుకుని. స్లాబు కింద ఉక్కపోస్తోందని మొదటిరోజే చెప్పింది. రేకుల షెల్టర్లు కట్టిన కాంట్రాక్టర్లలో వీరన్న కూడా ఒకడని తెలుసుకుని, ఆయన కారు వచ్చినప్పుడల్లా ఆ రేకుల పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తేది. పీతల కథకి కొత్త శ్రోత దొరక్క ఆరు రోజులు ఓపిక పట్టి, ఆదివారం గణేశ్వరరావుని పట్టుకుంది. ఆయన మెట్టు పక్కన వెల్లుల్లి ఒలుస్తున్నాడు. లోపల బల్ల దగ్గర అప్పలకొండమ్మ కోళ్ళు కడుతోంది. అత్త గొంతు లేచింది.

"ముప్పై రెండు పీతల్ని ఇప్పీసి, నన్ను కట్టీసింది బావూ!"

మొదలైందిరా దేవుడా అనుకుంది అప్పలకొండమ్మ. గణేశ్వరరావు మాత్రం ఆరు కోళ్ళ కొసలు లాగడం కళ్ళారా చూసినవాడు. వెల్లుల్లి ఆపి అడిగాడు.

"అది జారుముడే కదా. లాగేసుకుని దిగిపోకపోయావా?"

"ఆ కొస పొద్దున్నించీ నా సేతిలోనే ఉంది" అంది వీరలక్ష్మి. "లాగడం నాకు రాకేటి? ఆ ముడి నాను నేర్పిందే. లాగీసి నాను దిగి ఎటో పోనాననుకో. ఈ పిచ్చిముండ తిరిగొచ్చి సూస్తాది, సెట్టు కాళీ. అత్త కొట్టుకుపోయిందనుకుని నన్ను ఎతుక్కుంటా అదీ నీళ్ళల్లోకి దిగిపోయీది. దిగదూ? నాకు తెల్దా దాని సంగతి? దానికి నాను తప్ప ఎవులున్నారు బావూ?"

గణేశ్వరరావు వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టాడు. "మరి ఆ సంగతి దానికి చెప్పొచ్చుగా?"

"సెప్తే నెత్తికెక్కి కూకుంటాది."

లోపల అప్పలకొండమ్మ చేతిలో ఏడో కోడి సగం కట్టి ఉంది. బొటనవేలు ముడి మీదే ఉండిపోయింది. ఎర్రచీమలు, బీటలు పడ్డ పెదాలు, నడుం లోతు నీళ్ళలోంచి తను చూసిన ఆ చెట్టు ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. ఖాళీగా కనపడి ఉంటే తను నిజంగానే దిగిపోయేది. ముసలిది ఎంత సరిగ్గా పసిగట్టింది! ఏడుపు తన్నుకొచ్చింది. మోచేత్తో మొహం తుడుచుకుని, ముడి బిగించి, కేకేసింది.

"అత్తా! ఎనిమిదోదానికి నార చాల్లేదు. పట్రా!"

"కిచన్లో అడుగెట్టొద్దన్నారు కదే!"

"నేను పిలుస్తున్నాను, రా."